వీలునామాలు, చర్చి జమాఖర్చులు చదివి 16వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో మతం ఎలా మారిందో తేల్చుకోవడం

1534లో ఎనిమిదవ హెన్రీ పోప్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. 1549లో ఇంగ్లీషు ప్రార్థన పుస్తకం వచ్చింది. 1553లో మేరీ గద్దెనెక్కి లాటిన్ పూజను తిరిగి తెచ్చింది, 1559లో ఎలిజబెత్ దాన్ని మళ్ళీ తీసేసింది. పాఠ్యపుస్తకం ఇక్కడితో ఆగుతుంది. లండన్‌లో చట్టం మారిన తేదీ తెలిసినంత మాత్రాన నైరుతి ఇంగ్లండ్‌లోని డెవన్‌లో ఒక పల్లెటూరి రైతు నమ్మకం ఎప్పుడు మారిందో తెలియదు. అది తేల్చుకోవడానికి ముఖ్యంగా మూడు రకాల కాగితాలు మిగిలాయి: వీలునామాలు, చర్చి వార్డెన్లు రాసిన జమాఖర్చులు, జ్ఞానస్నానాలూ పెళ్ళిళ్ళూ సమాధులూ నమోదు చేసిన పారిష్ రిజిస్టర్లు (పారిష్ అంటే ఒక చర్చి కింద ఉండే ఊరు). ఎం.ఏ. ప్రాజెక్టు చేసేవారికైనా, సొంత ఆసక్తితో చదివేవారికైనా పద్ధతి ఒకటే.

మొదటే ఒక మాట. జమాఖర్చును ఎక్కువ నమ్మండి, వీలునామా మొదటి వాక్యాన్ని, అంటే ఆత్మను దేవుడికి అప్పగించే మాటను, తక్కువ నమ్మండి. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. మొదటి వాక్యం చదవడం సులువు, లెక్కపెట్టడం ఇంకా సులువు, అందుకే ఆ పొరపాటు.

ఊరిని కాగితాలు చూసి ఎంచుకోవాలి

అప్పటి ఇంగ్లండ్‌లో సుమారు 9,000 పారిష్‌లుండేవి. వాటిలో ఈ కాలపు జమాఖర్చులు మిగిలినవి కొన్ని వందలే. అవి కూడా దక్షిణాదిలో, పడమటి జిల్లాల్లో, పట్టణాల్లో ఎక్కువ, ఉత్తరాదిలో బాగా తక్కువ. కాబట్టి ముందు ఊరి పేరు అనుకుని తర్వాత కాగితాలు వెతికితే నిరాశే మిగులుతుంది. 1545 నుంచి 1565 దాకా జమాఖర్చు పెద్దగా తెగకుండా ఉందా, అదే కాలానికి కనీసం 40, 50 వీలునామాలు దొరుకుతాయా అన్నది చూసుకుని ఊరిని ఖాయం చేసుకోండి. రెండిట్లో ఒకటి లేకపోతే వేరే ఊరు చూడండి.

అసలు ప్రతులు కౌంటీ రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి. కౌంటీ చరిత్ర సంఘాలు 19వ శతాబ్దం నుంచి వీటిని అచ్చు వేస్తూ వచ్చాయి. పాత సంపుటాల స్కాన్లు చాలావరకు ఉచితంగా దొరుకుతాయి. మొదలుపెట్టడానికి అవి చాలు, కానీ ఒక గొయ్యి ఉంది. ఆస్తి ఎవరికి పోయిందన్నదే ముఖ్యమనుకున్న పాత సంపాదకులు వీలునామా తొలి పంక్తులను తీసేసి "మామూలు ముందుమాట" అని ఒక్క ముక్కతో సరిపెట్టేవారు. మీకు కావలసిందే ఆ ముక్క. సంపుటం తెరవగానే సంపాదకుడి పీఠికలో ఏం వదిలేశాడో చూడండి. వదిలేసి ఉంటే అసలు ప్రతి దగ్గరికి వెళ్ళక తప్పదు.

వీలునామా ప్రొబేట్ అయ్యేది, అంటే చెల్లుతుందని ఖాయమయ్యేది, చర్చి కోర్టుల్లో. చిన్న ఆస్తి బిషప్ కింది అధికారి అయిన ఆర్చ్‌డీకన్ కోర్టుకో, బిషప్ కోర్టుకో పోయేది. ఒకటికి మించిన బిషప్ ప్రాంతాల్లో 5 పౌండ్లకు తగ్గని ఆస్తి ఉంటే ఆర్చ్‌బిషప్ కోర్టుకు వెళ్ళాలి. దక్షిణాదికి అది కాంటర్‌బరీ, ఉత్తరాదికి యార్క్. కాబట్టి ఊళ్ళో ధనవంతుల వీలునామాలు ఒకచోట, మిగతావారివి మరోచోట ఉంటాయి. ఒకే కోర్టు కాగితాలు చూసి ఊరంతా ఇంతేనని రాస్తే పైవర్గమో కిందివర్గమో మొత్తంగా జారిపోతుంది.

అసలు వీలునామా వేరు, కోర్టు గుమస్తా దాన్ని చూసి పెద్ద పుస్తకంలో ఎక్కించిన నకలు వేరు. లండన్‌లోని క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న కాంటర్‌బరీ పుస్తకాలు 1384 నుంచి మొదలవుతాయి, అవి నకళ్ళు. మాటలు సరిగానే ఉంటాయి గానీ దస్తావేజు లేఖరి చేతిరాత, సంతకాలు, నిశానీలు వాటిలో ఉండవు. ఎవరు రాశారన్నది తేల్చాలంటే అసలు ప్రతి కావాలి.

వీలునామా రాసినవారు ఊళ్ళో కొద్దిమందే అని కూడా గుర్తుంచుకోండి. ఆస్తి ఉన్న పెద్దవాళ్ళు, అందులోనూ మగవాళ్ళు. పెళ్ళయిన ఆడవాళ్ళు భర్త ఒప్పుకుంటేనే రాయగలరు, అందుకే కనిపించే ఆడవాళ్ళలో ఎక్కువమంది వితంతువులు. కూలీలు, కుర్రవాళ్ళు, పనిమనుషులు దాదాపు కనిపించరు. కొత్త మతం, అంటే ప్రొటెస్టంట్ మతం వైపు ముందు మొగ్గింది కుర్రవాళ్ళే అని అప్పటివాళ్ళే ఫిర్యాదు చేశారు. అలాంటప్పుడు వీలునామాలు మార్పును ఆలస్యంగా చూపిస్తాయన్నది ముందే ఊహించాలి.

తేదీ సరిచేయకుండా ఒక్క అడుగు వేయవద్దు

అప్పటి ఇంగ్లండ్‌లో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఈ పద్ధతి 1752 దాకా సాగింది. "1558 ఫిబ్రవరి 10" అని రాసి ఉంటే అది మన లెక్కన 1559 ఫిబ్రవరి 10. ఈ ఒక్క సంగతి మరిచిపోతే ఎలిజబెత్ కాలపు వీలునామా మేరీ ఖాతాలో పడుతుంది. జనవరి 1 నుంచి మార్చి 24 వరకు ఉన్న ప్రతి తేదీని "1558/9" అని రెండు అంకెలతో రాసుకోండి, తర్వాత గందరగోళం ఉండదు.

రెండో చిక్కు ఏలుబడి సంవత్సరాలు, అంటే రాజు ఏలుబడి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టే ఏళ్ళు. హెన్రీ తర్వాత రాజైన అతని కొడుకు ఎడ్వర్డ్ లెక్క 1547 జనవరి 28 నుంచి, ఎలిజబెత్ లెక్క 1558 నవంబర్ 17 నుంచి. "ఎడ్వర్డ్ 3వ ఏడు" అంటే 1549 జనవరి 28 నుంచి 1550 జనవరి 27 వరకు. "ఎలిజబెత్ 5వ ఏడు" అంటే 1562 నవంబర్ 17 నుంచి 1563 నవంబర్ 16 వరకు. మేరీది కాస్త పేచీ. ఆమె ఏళ్ళు 1553 జూలై 6 నుంచి లెక్క. 1554 జూలై 25న స్పెయిన్ ఫిలిప్‌ను పెళ్ళాడిన దగ్గర్నుంచి ఇద్దరి ఏళ్ళూ జంటగా రాస్తారు. "ఫిలిప్ 1, మేరీ 2" అంటే 1554 జూలై 25 నుంచి 1555 జూలై 5 దాకా. ఆ వెంటనే 19 రోజుల పాటు "1, 3" అని వస్తుంది, జూలై 25 నుంచి "2, 3" అవుతుంది. "1, 3" కనబడితే రాసినవాడు తప్పు చేశాడనుకోకండి.

జమాఖర్చుల్లో మూడో చిక్కు. లెక్క ముగిసే రోజు ఊరూరికీ వేరు: ఒకచోట ఈస్టర్, ఒకచోట మార్చి 25, ఒకచోట సెప్టెంబర్ 29 నాటి సెయింట్ మైకేల్ పండుగ. "1548 లెక్క" అంటే ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది మొదటి పేజీలోనే తేల్చుకోండి. ఎంత జాగ్రత్తగా ఉన్నా పద్దు ఏ నెలదో చెప్పడం చాలాసార్లు కుదరదు, పన్నెండు నెలల వెసులుబాటు ఉంచుకోవలసిందే.

చేతిరాత, అంకెలు

ఆ కాలపు గుమస్తా రాతను సెక్రటరీ హ్యాండ్ అంటారు. నేర్చుకోవడానికి దగ్గరిదారి ఏమిటంటే, అచ్చయిన ఒక వీలునామాను, దాని అసలు ప్రతి ఫోటోను పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం పోల్చడం. మొదట్లో బాగా మోసం చేసేవి ఇవి: ‘ఇ’ తిరగబడినట్టు ఉంటుంది, ‘హెచ్’ పంక్తి కిందికి దిగి మెలిక తిరుగుతుంది, ‘సి’ మన కంటికి ‘ఆర్’ లాగానో ‘టి’ లాగానో కనిపిస్తుంది, పొడుగు ‘ఎస్’ అచ్చం ‘ఎఫ్’ లాగే ఉంటుంది. ‘ఎమ్’, ‘ఎన్’, ‘యు’, ‘ఐ’ కలిసి వచ్చినచోట అన్నీ నిలువు గీతలే, గీతలు లెక్కపెట్టి చదవాలి. ‘పి’ తోకకు అడ్డగీత ఉంటే అక్కడ కొన్ని అక్షరాలు మింగేశారని అర్థం. క్రీస్తు పేరును గ్రీకు అక్షరాలతో కుదించి రాస్తారు, ‘ఎక్స్’, ‘పి’ ఆకారాలు పక్కపక్కన కనబడితే అదే. నకలు రాసేటప్పుడు స్పెల్లింగ్ సరిచేయవద్దు. మీరు పూరించిన అక్షరాలను చదరపు బ్రాకెట్లలో పెట్టండి.

అంకెలు రోమన్ అంకెలు, చివరి ‘ఐ’ని ‘జె’గా సాగదీస్తారు. నాలుగంటే మూడు ‘ఐ’లు, ఒక ‘జె’. దాని మీద చిన్నగా రెండు ‘ఎక్స్’లు ఉంటే నాలుగు ఇరవైలు, అంటే 80. ఆ ‘ఎక్స్’లు గమనించకపోతే 80 గొర్రెలు 4 అయిపోతాయి.

డబ్బు: 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు, అంటే పౌండుకు 240 పెన్నీలు. మార్కు అనేది లెక్కల్లోనే ఉండే మొత్తం, 13 షిల్లింగుల 4 పెన్నీలు. సగం మార్కు 6 షిల్లింగుల 8 పెన్నీలు. గ్రోట్ 4 పెన్నీలు. చివర ‘ఓబి’ అని ఉంటే అర పెన్నీ. 46 షిల్లింగుల 8 పెన్నీలు అని వింత మొత్తం కనిపిస్తే ఆగి చూడండి, అది సరిగ్గా మూడున్నర మార్కులు. అన్నిటినీ పెన్నీల్లోకి మార్చి ఒక నిలువు వరుసలో రాసుకుంటే కూడికలు తప్పవు.

నాణెం విలువ కూడా నిలకడగా లేదు. 1544 నుంచి 1551 దాకా ప్రభుత్వం వెండి తగ్గించి నాణేలు కొట్టింది, ధరలు ఎగబాకాయి. 1551 జూలైలో షిల్లింగును 9 పెన్నీలకు, ఆగస్టులో 6 పెన్నీలకు దించారు. చర్చి పెట్టెలో ఉన్న నగదు అక్కడికక్కడే సగమైంది. ఆ ఏడు "నాణెం పడిపోవడం వల్ల పోయినది" అనే పద్దు కనబడితే అది దొంగతనమూ కాదు, భక్తి తగ్గడమూ కాదు.

జమాఖర్చు చదివే తీరు

ప్రతి పారిష్‌కు ఏటా మారే వార్డెన్లు, సాధారణంగా ఇద్దరు. చర్చి భవనం, సామగ్రి, డబ్బు వాళ్ళ చేతిలో. ఏడాది చివర ఊరి ముందు లెక్క చెప్పాలి. ఊరంతా వినే లెక్కలో అబద్ధం రాయడం కష్టం, ఈ కాగితానికి ఉన్న బలం అదే. ఆజ్ఞ వచ్చిన తేదీని ఒక పక్క, దాన్ని అమలు చేసిన పద్దును ఒక పక్క రాసుకుంటూ పోవాలి. వెతకవలసిన గుర్తులు ఇవి:

- 1538 సెప్టెంబర్: ప్రతి చర్చిలో ఇంగ్లీషు బైబిల్ పెట్టాలి, ప్రతిమల ముందు దీపాలు ఆర్పాలి. సిలువ ఎదుట, పరమ ప్రసాదం ఎదుట, ఈస్టర్ సమాధి (ఈస్టర్‌కు పెట్టే క్రీస్తు సమాధి నమూనా) దగ్గర మాత్రమే దీపాలు ఉండవచ్చు. మైనం కొన్న పద్దు తగ్గిందా చూడండి.
- 1547 ఆజ్ఞలు: ఎరాస్మస్ అనే పండితుడి సువార్త వ్యాఖ్యానం ఏడాదిలోగా కొనాలి, పేదల కోసం తాళమున్న పెట్టె పెట్టాలి. 1548 ఫిబ్రవరిలో ప్రతిమలన్నీ తీసేయమన్నారు. తాళం, గొళ్ళెం, సున్నం, దించిన కూలి అనే పద్దులు కనిపిస్తాయి.
- 1549 జూన్ 9: ప్రార్థన పుస్తకం అమల్లోకి వచ్చిన రోజు.
- 1550 నవంబర్: రాతి బలిపీఠం తీసి బల్ల వేయమన్న ఉత్తర్వు.
- 1553 చివరి నుంచి 1558: బలిపీఠం మళ్ళీ కట్టిన మేస్త్రీ కూలి, పూజ పుస్తకాలు, పూజావస్త్రాలు, కొత్త సిలువ, దానికి అటూ ఇటూ మరియ, యోహాను ప్రతిమలు.
- 1559 వేసవి: అన్నీ మళ్ళీ కిందికి. 1561 అక్టోబర్‌లో సిలువ నిలిపే అటక కూడా దూలం దాకా కోసేయమన్నారు. వెండి పానపాత్రను కరిగించి కొత్త కప్పు చేయించిన పద్దు చాలా ఊళ్ళలో 1560లు, 70లలో వస్తుంది.

బైబిల్ పద్దు దగ్గర చాలామంది తడబడతారు. 1541లో ప్రభుత్వం పెద్ద బైబిల్ ధర నిర్ణయించింది: బైండు లేకుండా 10 షిల్లింగులు, బైండుతో 12. తీరా జమాఖర్చులో వెతికితే 12 షిల్లింగుల పద్దు ఎక్కడా ఉండదు, ఈ ఊరు బైబిలే కొనలేదనుకుంటారు. ఖర్చులో సగం పాదిరి, సగం ఊరు భరించాలని 1538 ఆజ్ఞలోనే ఉంది. కాబట్టి మీరు వెతకవలసింది 5, 6 షిల్లింగుల పద్దు, దాని చుట్టుపక్కల గొలుసు కొన్న పద్దు, మోసుకొచ్చిన కూలి. సంవత్సరం కూడా చూడండి. 1539లోనే కొంటే ఒక అర్థం. బైబిల్ లేని పారిష్‌కు నెలకు 40 షిల్లింగుల జరిమానా అని 1541లో ప్రకటించాక కొంటే ఇంకో అర్థం.

ఆజ్ఞ పాటించినంత మాత్రాన నమ్మినట్టు కాదు. బిషప్ మనుషులు తనిఖీకి వస్తారు, ఊరు భయపడుతుంది. అందుకే ఖర్చు కంటే జమ వైపు ఎక్కువసేపు కూర్చోండి. ఎవరూ ఆజ్ఞాపించకుండా వచ్చే డబ్బు అక్కడ ఉంటుంది: చర్చి కోసం బీరు కాచి విందు పెట్టి రాబట్టిన సొమ్ము, ఒక్కొక్క ప్రతిమ దీపం కోసం కుర్రవాళ్ళూ కన్నెపిల్లలూ విడివిడిగా వసూలు చేసినవి, చనిపోతూ ఇచ్చిన గొర్రె, ఉంగరం. ఈ రాబడి ఎప్పుడు పలచబడిందో గీత గీసి చూడండి. చాలా ఊళ్ళలో నిషేధం రాకముందే పడిపోతుంది. రేపు సర్కారు లాక్కుపోయేదానికి ఈ రోజు ఎవరిస్తారు? కాబట్టి ఆ పతనానికి అనుమానం, భయం కూడా కారణాలే. కొత్త నమ్మకం ఒక్కటే అని రాయవద్దు.

డెవన్‌లోని మోర్‌బాత్ ఈ పనికి మంచి బడి. సుమారు 33 కుటుంబాల ఊరు. 1520 నుంచి 1574 వరకు క్రిస్టఫర్ ట్రికీ అనే ఒకే పాదిరి, లెక్కలన్నీ ఆయన చేతిరాతే. సెయింట్ సిడ్‌వెల్ అనే పరిశుద్ధురాలి ప్రతిమ మీద ఆయనకు ప్రాణం. చర్చి గొర్రెలు ఊళ్ళో ఇంటింటికీ పంచి ఉండేవి, ఉన్ని అమ్మిన డబ్బు దీపాలకు పోయేది. సమాధి పూజలకు నల్లని పూజావస్త్రాల కోసం ఊరు 20 ఏళ్ళు కూడబెట్టింది. అవి చేతికొచ్చేసరికి ఎడ్వర్డ్ ఏలుబడి వచ్చింది, అలాంటి పూజలకే చోటు లేకుండా పోయింది. 1549లో ప్రార్థన పుస్తకానికి ఎదురుతిరిగి ఎక్సెటర్ నగర ముట్టడికి పోయిన తిరుగుబాటుదారుల శిబిరానికి ఈ ఊరు ఐదుగురు కుర్రవాళ్ళను ఖర్చు ఇచ్చి పంపింది, ఆ పద్దు లెక్కలోనే ఉంది. అదే పాదిరి తర్వాత ఎలిజబెత్ ప్రార్థన పుస్తకం చదువుతూ పదిహేనేళ్ళు బతికాడు. పాతనిష్ఠ, తిరుగుబాటు, సర్దుబాటు, మూడూ ఒకే చేతిరాతలో దొరికే పుస్తకం ఇది. కానీ దీన్ని ఇంగ్లండ్ మొత్తానికి నమూనా చేయవద్దు. ఇంత మాట్లాడే పాదిరి అరుదు, ఎసెక్స్‌లోనో లండన్‌లోనో కథ వేరు.

"అమ్మినవి" అనే శీర్షిక ఇంకో ఉచ్చు. 1548 నుంచి 1552 మధ్య పూజావస్త్రాలు, ప్రతిమలు ఊరివాళ్ళే కొన్నట్టు ఉంటుంది. చూడగానే పాతదాన్ని వదిలించుకున్నారనిపిస్తుంది. కొన్నవాళ్ళ పేర్లు రాసుకుని 1553, 1555 మధ్య లెక్కల్లో వెతకండి. అవే వస్తువులు అదే మనుషుల దగ్గర్నుంచి చర్చికి తిరిగి వస్తే అది అమ్మకం కాదు, దాపరికం. ధర మరీ చవగ్గా ఉండడం మొదటి సూచన.

మేరీ కాలపు ఖర్చును మొత్తాలతో పోల్చకండి. 1552, 53లో సర్కారు చర్చి వెండిని పట్టుకుపోయింది, పొలాలూ దీప నిధులూ అంతకుముందే పోయాయి. ఖాళీ పెట్టెతో మొదలైన ఊరు తక్కువ ఖర్చు చేసిందంటే ఇష్టం లేదని కాదు. ఆ ఏటి మొత్తం రాబడిలో పూజా సామగ్రికి ఎంత శాతం పోయిందో లెక్కకట్టి, ఆ శాతాలను పోల్చండి.

వీలునామా: ముందుమాట, దానాలు, రాసిన చెయ్యి

ముందుమాటలో చనిపోయే మనిషి ఆత్మను ఎవరికి అప్పగిస్తున్నాడో ఉంటుంది. పాత, కొత్త అని రెండు గంపలు పెడితే సగం వీలునామాలు ఎటూ ఇమడవు. ఐదు సంకేతాలు వాడండి. 1: దేవుడికి, మరియమాతకు, పరలోకంలోని పరిశుద్ధులందరికీ. 2: మరియ ప్రస్తావన ఉంది, దాంతోపాటు క్రీస్తు శ్రమల వల్లే రక్షణ అనే మాటా ఉంది. 3: సృష్టికర్త, రక్షకుడు అయిన దేవుడికి, అంతే. 4: క్రీస్తు మరణం వల్ల మాత్రమే రక్షింపబడతానని నమ్మకం. 5: తాను దేవుడు ఎన్నుకున్నవారిలో ఒకణ్ణన్న నిబ్బరం. వీటిలో గట్టి సాక్ష్యం 1, 5 మాత్రమే. క్రీస్తు శ్రమల మీద ఆధారపడడం పాత క్యాథలిక్కులకూ కొత్త కాదు కాబట్టి 4ను తొందరపడి ప్రొటెస్టంట్ అనవద్దు. 3 అంటే చాలాసార్లు జాగ్రత్త.

ముందుమాట కంటే దానాలు గట్టివి, ఎందుకంటే వాటికి డబ్బు కావాలి. ఉత్తరించు స్థలం (చనిపోయాక ఆత్మ శుద్ధి అయ్యే చోటు) నుంచి ఆత్మ విడుదల కోసం చేయించే పూజకు మామూలు వెల 4 పెన్నీలు. 30 పూజల వరుసకు 120 పెన్నీలు, అంటే 10 షిల్లింగులు. వీలునామాలో "10 షిల్లింగులు పాదిరికి" అని మాత్రమే ఉంటే ఆ వరుసేనేమో ఆలోచించండి. ఏడాదిపాటు రోజూ పూజ చేసే పాదిరికి 5 నుంచి 7 పౌండ్లు, ఇది ధనవంతుల పని. చర్చికి కట్టడం మరిచిపోయిన దశమభాగాలకు బదులుగా పెద్ద బలిపీఠానికి ఇచ్చే నాలుగైదు పెన్నీలు ఆనవాయితీ, వాటిని వేరే వరుసలో వేయండి, భక్తి లెక్కలో కలపవద్దు.

పేదలకు దానం పెరిగితే కొత్త మతం వచ్చిందని రాసేస్తుంటారు. పాత పద్ధతిలోనూ పేదలకు రొట్టె పంచేవారు, తిన్నవాళ్ళు ఆత్మ కోసం ప్రార్థించాలి. ఎడ్వర్డ్ కాలంలో పూజకు డబ్బు వదిలితే సర్కారు పాలవుతుంది, అందుకే పాత ఉద్దేశంతోనే పేదల పేరు రాసినవాళ్ళున్నారు. "నా ఆత్మ కోసం, క్రైస్తవ ఆత్మలన్నిటి కోసం ప్రార్థించడానికి" అనే తోక ఉందా చూడండి. చర్చి పెట్టెలో వేయమన్నాడా, సమాధి రోజు చేతికి ఇమ్మన్నాడా అన్నది కూడా తేడాయే.

ఇక రాసిన చెయ్యి. మనిషి మంచం మీద ఉన్నాడు, ఊళ్ళో రాయగలిగిన ముగ్గురు నలుగురిలో ఒకణ్ణి పిలుస్తారు. పాదిరో, బడిపంతులో, చదువుకున్న రైతో. ముందుమాట తరచుగా అతని అలవాటు మాట. ఒక ఉదాహరణ అనుకోండి: మేరీ కాలానికి మీకు 30 వీలునామాలు దొరికాయి, 18 మొదటి సంకేతంలో పడ్డాయి, 60 శాతం. చేతిరాతలు పోల్చితే 14 వీలునామాలు ఒకే పాదిరివని, వాటిలో 13 మొదటి సంకేతమేనని తేలింది. మిగతా 16లో మొదటి సంకేతం 5 మాత్రమే, 31 శాతం. ఊరి నమ్మకం అనుకున్న దాంట్లో సగం ఆ పాదిరి కలం. రెండు శాతాలనూ పక్కపక్కన ప్రకటించండి. అసలు ప్రతి లేక చేతిరాత చూడలేకపోతే సాక్షుల పేర్లు చూడండి, ప్రతి వీలునామాలోనూ తిరిగి తిరిగి వచ్చే సాక్షి చాలాసార్లు లేఖరే. లేఖరి మామూలు వాక్యానికి భిన్నంగా ఉన్న ఒక్క వీలునామా మిగతా పదిటికంటే విలువైనది: అక్కడ మాట్లాడుతున్నది చనిపోతున్న మనిషి.

లెక్కపెట్టేటప్పుడు

పదేళ్ళ గంపలు వాడవద్దు. 1550, 1559 మధ్య అంతా ఒక గంపలో వేస్తే ఎడ్వర్డ్, మేరీ, ఎలిజబెత్ ఒకరినొకరు కొట్టేసుకుంటారు, గ్రాఫు చదునుగా వస్తుంది, ఏమీ జరగలేదనిపిస్తుంది. ఏలుబడి మారిన రోజుల దగ్గరే కోయండి: 1547 జనవరి, 1553 జూలై, 1558 నవంబర్. ఎలిజబెత్ కాలాన్ని ఐదైదేళ్ళుగా విడగొట్టండి, మార్పు నిజంగా వేళ్ళూనింది అక్కడే. వీలునామా రాసిన తేదీ తీసుకోవాలి, ప్రొబేట్ తేదీ కాదు.

1557 నుంచి 1559 దాకా జ్వరాల వల్ల చావులు విపరీతం, వీలునామాలు కుప్పలు తెప్పలు. సంఖ్యలు చూసి మేరీ చివరి ఏళ్ళలో పాతమతం వెల్లువెత్తిందనుకునే ప్రమాదం ఉంది. శాతాలే వాడండి. ఏ గంపలోనైనా 15కు తక్కువ వీలునామాలుంటే శాతం రాయకుండా అంకె మాత్రమే రాయండి.

రిజిస్టర్లు, సంతకాలు, పుస్తకాలు

పారిష్ రిజిస్టర్లు 1538లో మొదలవ్వాలి. మీ ఊరిది 1558లో మొదలైతే పాతది తగలబెట్టారనో, మేరీ కాలంలో నిర్లక్ష్యం చేశారనో కథలు అల్లవద్దు. 1598లో పాత కాగితపు రిజిస్టర్లను తోలు పత్రాల మీదికి ఎక్కించమన్నారు, ముఖ్యంగా రాణి మొదటి ఏటి నుంచి అని వెసులుబాటు ఇచ్చారు. చాలామంది అంతకు ముందున్న ఇరవై ఏళ్ళనూ వదిలేశారు. నలభై ఏళ్ళ పద్దులు ఒకే సిరాతో, ఒకే చేతితో ఉంటే అది నకలని గుర్తు.

పిల్లల పేర్లలో పాత నిబంధన పేర్లు పెరగడాన్ని కొత్త భక్తికి గుర్తుగా వాడతారు. పేరు పెట్టింది చాలావరకు జ్ఞానస్నానంలో బిడ్డకు పూచీగా నిలిచే జ్ఞానతల్లిదండ్రులు, కాబట్టి అది కన్నవాళ్ళ మతం గురించి నేరుగా చెప్పదు. పెళ్ళిళ్ళ నెలలు ఇంకా పనికొస్తాయి: ఈస్టర్‌కు ముందు వచ్చే తపస్సుకాలంలో పెళ్ళి కూడదన్న కట్టు వల్ల మార్చిలో పెళ్ళిళ్ళు అడుగంటుతాయి. సంస్కరణ తర్వాత కూడా దేశమంతటా ఆ గొయ్యి అలాగే కొనసాగింది. మీ ఊళ్ళో అది పూడితే మాత్రం అడగవలసిన ప్రశ్న ఉంది.

చదువు ఎంత పాకిందో చూడడానికి సంతకాలు లెక్కపెడతారు. ఇక్కడ మూడు జాగ్రత్తలు. నకలు పుస్తకంలో సంతకం ఉండదు, అసలు ప్రతే కావాలి. జబ్బు మంచం మీద చెయ్యి వణికి సంతకం వచ్చినవాడూ నిశానీ పెడతాడు, అందుకే వీలునామా రాసినవాడి కంటే సాక్షుల సంతకాలు మేలు. అప్పటి బడిలో ముందు చదవడం, తర్వాత రాయడం నేర్పేవారు, రాయడానికి ముందే చాలామంది పిల్లలు పొలానికి పోయేవారు. కాబట్టి నిశానీ పెట్టిన మనిషి బైబిల్ చదవలేడని అనుకోవద్దు. ఈ లెక్క ఎప్పుడూ చదవగలిగినవాళ్ళను తక్కువే చూపిస్తుంది.

చివరిగా, వీలునామాకు జతచేసిన ఆస్తి జాబితాలు. పొరుగువాళ్ళు ఇద్దరు ముగ్గురు ఇంటి గదులు తిరిగి వెల కట్టినవి. పుస్తకాలు "ఒక బైబిలు, మరికొన్ని పాత పుస్తకాలు" అని ఒకే పద్దులో పడతాయి, పేర్లుండవు. వెలను బట్టి కొంత ఊహించవచ్చు: ప్రార్థన పుస్తకం బైండును బట్టి 1549లో రెండు నుంచి నాలుగు షిల్లింగులు, పెద్ద బైబిల్ దానికి మూడు నాలుగు రెట్లు. పెన్నీ, రెండు పెన్నీల కరపత్రాలు, కీర్తనల చిన్న పుస్తకాలు, పిల్లల అక్షరమాలలు జాబితాకు ఎక్కేవి కావు. నిషేధించిన పుస్తకాన్ని వెల కట్టడానికి వచ్చిన పొరుగువాడికి ఎవరూ చూపించరు. అందుకే జాబితాలో పుస్తకం కనబడితే లెక్కలో వేసుకోండి. కనబడకపోతే ఆ గడిలో సున్నా కాకుండా ఖాళీ వదిలేయండి.